రోస్కో వినని ఈల

మంచు పడే రోజుల్లో లియో కోవాచ్‌కి ఒకటే పని. మధ్యాహ్నం ఇంత సూప్ తాగి, బూట్లు తొడుక్కుని, పార పట్టుకుని బయటికొచ్చి, ఇంటి ముందు రోడ్డంతా గీకి ఉప్పు చల్లేవాడు. కారు పెట్టుకునే జాగా సంగతి తర్వాత చూసుకోవచ్చు. స్కూలు వదిలే వేళకి రోస్కో టిబ్స్ అటుగా పరిగెత్తుకుంటూ వస్తాడు. కాలు జారాడంటే కష్టం.

పోర్ట్ ఆల్డెన్‌లో అందరికీ ఇలాంటి పని ఒకటి ఉండేది. సరస్సు ఒడ్డు వీధివాళ్ళు పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్ళు. రోస్కో వచ్చి, ఖాళీగా ఉన్న చేత్తో అందుకుని, ఆగకుండానే తాగేసి, కప్పు పక్కింటి గోడ మీద పెట్టేవాడు. స్టావ్రోస్ తన హోటల్ ముందు సాసేజ్ పెట్టిన బన్ను కాగితంలో చుట్టి ఉంచేవాడు. స్కూలు బస్సు డ్రైవరు వాడు దాటేదాకా ఆగి, ఓ సారి హారన్ కొట్టి కదిలేవాడు. ఇరవై ఏళ్ళ పైమాటే, వాడు రాత్రనక పగలనక అదే జెర్సీతో, అదే బంతిని ఎడమ చంకలో పెట్టుకుని ఊరి చుట్టూ పరిగెడుతూనే ఉన్నాడు. వాడి బూట్లు అరగలేదు గానీ మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి.

దీనంతటికీ కారణం కోవాచే. అది ఊళ్ళో పసిపిల్లాణ్ణడిగినా చెబుతాడు.

కోవాచ్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆదివారాలు పెద్ద జట్ల ఫుట్‌బాల్‌కి, అదే, బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఆటకి, రెఫరీగా వెళ్ళేవాడు. ఆ లీగులో రెఫరీలంతా అంతే, ఒకాయన పళ్ళ డాక్టరు, ఇంకొకాయన ఇన్సూరెన్సు ఏజెంటు. సోమవారం వచ్చిందంటే ఎవరి పనిలో వాళ్ళు. ఊరి కుర్రాడు ఆడే ఆటకి ఊరివాణ్ణి వెయ్యకూడదు నిజమే. కానీ ఆ జనవరిలో రెఫరీల్లో సగం మందికి జ్వరాలు, వేరే దిక్కు లేక ఈయన్నే వేశారు. మన డాక్‌మెన్ జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఆట అయిపోవచ్చింది. బంతి రోస్కో చేతికిచ్చారు. వాడు గుంపులోకి దూరాడు, గుంపంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు కుప్పగా పడ్డారు. రోస్కో ఆ కుప్ప కిందే ఉన్నాడనుకుని కోవాచ్ ఈల ఊదేశాడు. బంతిని కళ్ళారా చూడందే ఈల ఊదకూడదని రెఫరీలకి మొదటి రోజే నేర్పుతారు. కోవాచ్ చూడలేదు. రోస్కో పక్కనుంచి జారుకుని అప్పటికే బయటపడ్డాడు. ముందు ఒక్కడంటే ఒక్కడు లేడు. చివర తెల్లగీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు, గెలుపు మనదే.

ఈల పడితే ఆట అక్కడికి చచ్చినట్టే. స్టేడియంలో అంత మందీ విన్నారు, రోస్కో ఒక్కడే వినలేదు. గీత దాటాడు, ఆటగాళ్ళు వచ్చిపోయే సొరంగం దాటాడు, కార్లు నిలబెట్టే మైదానం దాటాడు, తెల్లారేసరికి మన ఊరొచ్చేశాడు. అక్కడ కొత్త బంతి తెచ్చి, వాడు లేకుండానే ఆట ముగించారు. డాక్‌మెన్ ఓడిపోయింది. కప్పుకి అంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ప్రతి జనవరిలోనూ టీవీలో ఓ కార్యక్రమం వేస్తారు, ఫుట్‌బాల్ చరిత్రలో అతి చెత్త నిర్ణయాలని. నేలకి తగిలిన బంతిని పట్టినట్టు చెప్పినవాడూ, కళ్ళ ముందే గుద్దేసినా తప్పని పసుపు జెండా విసరకుండా దిక్కులు చూసినవాడూ, అందరూ వస్తారు. మన కోవాచ్ లేకుండా మాత్రం ఆ కార్యక్రమం ఏనాడూ జరగలేదు.

ఈ యేడు కూడా ఆ కార్యక్రమం మర్నాడు కోవాచ్ హోటల్‌కి వెళ్తే, స్టావ్రోస్ గుడ్లు వేయిస్తూ అడిగాడు.

“ఏం పంతులూ, ఈసారి ఎన్నో స్థానం?”

“రెండు.”

“పోన్లే, ఓ మెట్టు దిగావు. కాఫీ పొయ్యనా?”

“పొయ్యి.”

పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒకడు లేచి, డబ్బులు పెట్టి, పోతూ పోతూ “గుడ్డి పీనుగ” అనేసి పోయాడు. కోవాచ్ తలెత్తి చూడలేదు. మొదట్లో కోపమొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది, ఇప్పుడు రెండూ రావడం లేదు. మనిషి విసిగిపోయాడంతే. పొద్దున లేవాలంటే విసుగు, పడుకోవాలన్నా విసుగే.

పోనీ చెయ్యగలిగింది చెయ్యలేదా అంటే, అదీ చేశాడు పాపం. రెండో యేడు ఊరంతా కలిసి ఆయన ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా తెల్లగీత గీసింది. మేయరు వచ్చాడు, బ్యాండు మేళం వచ్చింది. రోస్కో గీత దాటగానే కోవాచ్ రెండు చేతులూ పైకెత్తి టచ్‌డౌన్ ఇవ్వాలి, అప్పుడు వాడి ఆట పూర్తవుతుంది, ఆగిపోతాడు. ఇదీ ఊరి లెక్క. ఈల పడ్డాక టచ్‌డౌన్ ఇవ్వడానికి రూలు ఒప్పుకోదు. అయినా కోవాచ్ సిగ్గు చంపుకుని ఎత్తాడు. ఊరంతా ఎత్తింది. రోస్కో గీత దాటి, వాళ్ళ వంకయినా చూడకుండా సరస్సు వైపు వెళ్ళిపోయాడు. మనస్ఫూర్తిగా ఎత్తలేదని ఆ పాపం కూడా కోవాచ్ నెత్తినే పడింది. అప్పట్నుంచీ యేటా ఆ ఓటమి రోజున గీత గీస్తారు, చేతులెత్తుతారు, వాడు వెళ్ళిపోతాడు, వీళ్ళు కోవాచ్‌ని నాలుగు తిట్టి ఇళ్ళకి పోతారు.

ఈసారి ఆ రోజుకి ముందు రోజు రోస్కో భార్య వనెటా కోవాచ్ ఇంటికొచ్చింది. ఒకప్పుడు ఆయన క్లాసులో వెనక బెంచీ పిల్లే. కోటు విప్పకుండానే వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నిన్న పోస్టుడబ్బాకి గుద్దుకుని పడ్డాడు సార్. లేచి మళ్ళీ పరిగెత్తాడు.”

“చూశానమ్మా.”

“దగ్గు విన్నారా? డాక్టరుగారు గొట్టం చెవుల్లో పెట్టుకుని రెండు వీధులు వెంట పరిగెత్తారు. ఆయనకే ఆయాసమొచ్చి కూలబడ్డారనుకోండి. ఈ చలికాలం గడవదన్నారు. గుండె ఆగిపోతుందట.”

కోవాచ్ కాఫీ పెట్టబోయాడు.

“కాఫీ వద్దు. మీ ఈల ఏదీ?”

“ఏ ఈల?”

“నాటకాలొద్దు సార్.”

“పారేశాను.”

“మీరా? చాక్‌పీసు ముక్క కూడా పారేసేవారు కాదు!”

కోవాచ్ చెంచాల సొరుగు లాగాడు. అడుగున గొలుసుతో సహా ఉంది. బల్ల మీద పెట్టాడు గానీ చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

“నేనూ అందరిలాగే టచ్‌డౌన్ ఇవ్వండని మీ ప్రాణం తీశాను” అంది వనెటా. “మొన్న ఎందుకో వాడి పక్కనే కాసేపు పరిగెత్తాను. నా వొళ్ళు చూశారుగా, ఎంత దూరం పరిగెడతాను? ‘రోస్కో, ఇంక చాలు, ఇంటికి రావయ్యా’ అన్నాను. ఏమన్నాడో తెలుసా? ‘ఈల పడలేదుగా’ అన్నాడు.”

కోవాచ్ ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

“ఈల వినపడేదాకా ఆగొద్దు, ముందు ఎవడున్నా లేకున్నా ఆగొద్దు. చిన్నప్పుడు స్కూలు మైదానంలో పిల్లలకి ఇదేగా నేర్పుతారు? వాడు నేర్చుకున్నాడు. నేర్చుకున్నదే చేస్తున్నాడు.”

“పోలీసులు ఊదారు కదే. కోచ్ ఊదాడు.”

“అవి మీ ఈల కాదుగా సార్.”

“అంటే నన్ను మళ్ళీ ఊదమంటావా? వాడి ముందు ఒక్కడూ లేకుండా పోతుంటే, మళ్ళీ నేనే? ఊరు నన్ను బతకనిస్తుందా వనెటా?”

“ఇప్పుడు బతకనిస్తోందా ఏంటి?”

కోవాచ్‌కి నవ్వొచ్చింది. నవ్వి చాన్నాళ్ళయి అది దగ్గులా వచ్చింది.

“నేను ఊదితే వాడికి ఇక టచ్‌డౌన్ లేనట్టే. ఇప్పుడు కనీసం ఊరికి ఆశైనా ఉంది.”

“ఊరి ఆశ ఊరిది. ఆ ఆరు పాయింట్లు నేనేం చేసుకోను, వండుకు తిననా? నాకు మొగుడు కావాలి సార్.” ఆవిడ కుర్చీ వెనక్కి జరిపింది. “అలిసిపోయాను. పొద్దునా సాయంత్రం గేటు దగ్గర నిలబడి మొగుడు ముందునుంచి పోతుంటే చూసి చూసి అలిసిపోయాను.”

కోవాచ్ ఊదుతాననీ అనలేదు, ఊదననీ అనలేదు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నుంచే రోడ్డు మీద రంగు డబ్బాలతో హడావిడి మొదలైంది. మధ్యాహ్నానికి గీత గీశారు. రెండు పక్కలా జనం. స్టావ్రోస్ హోటల్ మూసి మరీ వచ్చాడు. కోవాచ్ గీతకి ఇవతల నిలబడ్డాడు. స్టావ్రోస్ దగ్గరికొచ్చి కళ్ళు చిట్లించాడు.

“పంతులూ, మెళ్ళో అదేంటి?”

“ఈల.”

“మతి పోయిందా నీకు? దాచెయ్. వీళ్ళు చూశారంటే నిన్ను సరస్సులో ముంచుతారు.”

“మంచు కట్టింది కదా, మునగను.”

ఇంతలో మలుపు దగ్గర గోల లేచింది. రోస్కో వస్తున్నాడు. పరుగంటే పరుగు కాదు, కుడికాలు ఈడ్చుకుంటూ, నోటితో గాలి తీసుకుంటూ వస్తున్నాడు. గీతకి అటూ ఇటూ జనమంతా చేతులెత్తేశారు. “రా రోస్కో! రారా!” అని అరుపులు. ముందు రోడ్డంతా ఖాళీ. కోవాచ్ ఈసారి బంతిని చూశాడు. ఎడమ చంకలో, తోలు మీద కుట్లు కూడా కనిపించాయి. జనం వెనకాల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ వనెటా కనిపించింది. పాడు ఈల, ఎంత తేలిగ్గా ఉందో అనుకుని, నోట్లో పెట్టుకుని, ఊపిరంతా కూడగట్టి ఊదాడు.

రోస్కో ఆగిపోయాడు.

గీతకి నాలుగడుగుల ఇవతల, ఒంగి, మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి నిలబడిపోయాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆ తర్వాత మొదలయ్యాయి తిట్లు. ఇరవై ఏళ్ళ కిందట తిట్టినవే, మళ్ళీ కొత్తగా. మంచుగడ్డ ఒకటి వచ్చి కోవాచ్ చెవి మీద తగిలింది. తుడుచుకోలేదు.

రోస్కో తల తిప్పి, ఆట ఆగినప్పుడు ఆటగాడు చేసే పనే చేశాడు. బంతి తెచ్చి రెఫరీ చేతికిచ్చాడు.

“ఎక్కడ పడ్డాను సార్?”

“పడలేదు నాయనా. పడ్డావనుకుని ఊదేశాను. తప్పు నాది.”

“ముందెవరైనా ఉన్నారా?”

“ఎవ్వరూ లేరు.”

రోస్కో కళ్ళు మూసుకున్నాడు. “అయితే కొట్టేవాణ్ణే కదా.”

“కొట్టేవాడివే.”

తిట్టి తిట్టి జనం కాస్త నెమ్మదించారు. కోవాచ్ బంతిని రెండు చేతుల్లో పట్టుకుని, అందరికీ వినపడేలా, ఆట మధ్యలో రెఫరీ చెప్పినట్టే చెప్పాడు. “తప్పు ఈల పడ్డప్పుడు దానికో రూలుంది. ఎంచుకునే హక్కు మీ జట్టుదే. ఆ రోజు మీ కెప్టెన్‌ని అడిగాం, నువ్వు అందుబాటులో లేవు. ఇప్పుడు నిన్నడుగుతున్నాను. ఆగిన చోటినుంచే మొదలుపెట్టొచ్చు. లేదంటే అసలు జరగనట్టే లెక్క, మొదట్నుంచీ మళ్ళీ ఆడొచ్చు. ఏది కావాలి?”

జరగనట్టే లెక్క అనేసరికి సరస్సు వైపు నుంచి స్టేడియం హోరు సన్నగా వినపడింది. అందరికీ వినపడింది. రోస్కో చేతి మీద ముడతలు సర్దుకోవడం మొదలైంది, కోవాచ్ తల మీద నాలుగు వెంట్రుకలు నల్లబడ్డాయి. ఒక్క మాట అంటే చాలు, ఆ జనవరి, ఆ ఆట, ఆ కుర్రతనం మళ్ళీ వచ్చేస్తాయి. ఊరు ఊరంతా ఒక్కటే కేక. “మొదట్నుంచి! మొదట్నుంచి అనరా!”

ఎంచుకునేది రోస్కో అని కోవాచ్ మాత్రం ఆ కేకలో కలవలేదు. ఆ మాట ఆయనకి ఎంత కావాలో ఆయనకే తెలుసు.

వనెటా జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. రోస్కో ఆవిణ్ణి చూసి మొదట పోల్చుకోలేదు.

“వనెటా?”

“నేనే.”

“జుట్టేమైంది?”

“నెరిసింది. నీదీ నెరిసిందిలే, నువ్వు చూసుకోలేదు.”

“ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?”

“గేటు దగ్గర.”

ఎవరో అరుస్తున్నారు, ఎవరో ఏడుస్తున్నారు. రోస్కో ఓసారి సరస్సు వైపు చెవి పెట్టి విన్నాడు. తర్వాత ఆవిడ భుజం మీద చెయ్యేసి, బరువంతా ఆవిడ మీదే వేశాడు.

“ఇక్కణ్ణుంచే సార్.”

కోవాచ్ మెల్లగా ఒంగి, వాడు ఆగిన చోట తడి రోడ్డు మీద బంతి పెట్టాడు. నడుం పట్టేసి వెంటనే లేవలేకపోయాడు. స్టావ్రోస్ వచ్చి చంకలో చెయ్యి వేసి లేపాడు.

“వచ్చే యేడు మొదటి స్థానం నీదే పంతులూ” అన్నాడు.

జనం గొణుక్కుంటూ ఇళ్ళకి మళ్ళారు. టిబ్స్ వాళ్ళిల్లు గీతకి అవతలే ఉంది. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ, మధ్యలో ఊపిరి కోసం ఆగుతూ గీత దాటారు. చేతులెత్తడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. తాగడానికేదైనా వేడిగా ఉందా అని రోస్కో అడుగుతున్నాడు, బీన్స్ సూప్ ఉంది, కాచి పెడతాను పద అంటోంది వనెటా.