పెట్టెలు వెళ్ళే ఊళ్ళు

ఎనిమిదో తరగతి పిల్లలకు ఆ ఏడు సోషల్ టీచరు ఇచ్చిన ప్రాజెక్టు వినడానికి చాలా సులువుగా ఉంది. ఏడాది పాటు బడి లేదనుకోండి, దారి ఖర్చుల బెంగ లేదనుకోండి, ప్రపంచమంతా చుట్టి రావచ్చు. ఏ దారిన వెళతారు, ఎక్కడెక్కడ ఆగుతారు, అసలు ఎందుకు వెళతారు? ఇవన్నీ రాసుకు రావాలి. "ఎందుకు అన్నదానికే సగం మార్కులు," అని ఆవిడ సుద్దముక్కతో బల్ల మీద రెండుసార్లు కొట్టి మరీ చెప్పింది.

మిడత ఇంటికి చేరి ఆ సంగతి చెప్పేలోగానే వాళ్ళమ్మకు తెలిసిపోయింది. బడి గేటుకు ఎదురుగా ఉన్న ఇరుకు గదిలో ఆమె పిల్లల ప్రాజెక్టులు చేసి అమ్ముతుంది. అగ్నిపర్వతం కావాలంటే అగ్నిపర్వతం, గుండెకాయ కావాలంటే గుండెకాయ. అట్టలు, థర్మోకోల్, జిగురు, రంగులు, వాటి మధ్య ఆమె. అందరూ అట్టలమ్మ అంటారు. పిల్లలు తరగతిలోంచి బయటికి రాగానే, నలుగురు తల్లులు వచ్చి ఆర్డరు ఇచ్చి వెళ్ళారు. నలుగురికీ గ్లోబే కావాలి.

మిడత అసలు పేరు బడి రిజిస్టర్లో తప్ప ఎక్కడా వాడుకలో లేదు. కాళ్ళు పొడుగు, ఒక్కచోట కుదురుండదు కనుక తండ్రి ఆ పేరు పెట్టాడు. ఆయన చొక్కాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తాడు. పదకొండేళ్ళుగా ఆయన పని ఒకటే. చొక్కాలు సర్దిన అట్టపెట్టెకు టేపు వేసి, అది వెళ్ళాల్సిన ఊరి పేరున్న స్టిక్కరు అంటించి, పక్కకు తోయడం. తప్పుగా అచ్చయిన స్టిక్కర్లు అప్పుడప్పుడు వస్తాయి. అక్షరం అరిగిపోయినవి, పేరు వంకరగా పడినవి. వాటిని చింపి బుట్టలో వెయ్యాలి, బుట్ట బాయిలరుకు పోవాలి. అది రూలు. ఆయన మాత్రం కొత్త ఊరి పేరు కనిపిస్తే జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. తండ్రీకూతుళ్ళు నేల మీద అట్లాసు పరిచి ఆ ఊరెక్కడుందో వెతికేవారు. ఒసాకా దొరకడానికి ఒక పూట పట్టింది. వాల్పరైసో దొరకడానికి రెండు నిమిషాలే గానీ, పలకడానికి వారం పట్టింది.

"నాన్నా, నీ పెట్టెలు వెళ్ళే ఊళ్ళకే మనమూ వెళ్దాం," అంది మిడత ఆ సాయంత్రం. "వేరే ఊళ్ళతో మనకేం పని?"

"వెళ్ళి ఏం చేస్తామే?"

"మన చొక్కాలు వేసుకున్నవాళ్ళని చూస్తాం. రంగు వెలిసిందా, గుండీ ఊడిందా అని అడుగుతాం."

"ఊడిందంటే?"

"నువ్వు కుట్టిస్తావు."

"నేను ప్యాకింగోణ్ణి తల్లీ, గుండీలు నా సెక్షన్ కాదు. ఎక్కడో ఎవడి గుండీయో ఊడితే నా పీక మీదకి తెస్తావేంటి?"

గోడవారగా కూర్చుని అట్టలు కత్తిరిస్తున్న తల్లి నవ్వాపుకోలేకపోయింది. "చాల్లే సంబడం. తిక్క ఇద్దరికీ సరిసమానంగా పంచాడు దేవుడు," అంది.

ఆ రోజు నుంచి మిడత పొడుగు నోటుబుక్కు ఒకటి తీసి పని మొదలుపెట్టింది. పేజీకో ఊరు. పేజీ పైన స్టిక్కరు, కింద ఓడ ఎన్ని రోజులకు చేరుతుంది, ఆ నెలలో అక్కడ చలా ఎండా, అక్కడ నాన్న ఏం చేస్తాడు, తనేం చేస్తుంది. మొంబాసాలో దిగి సముద్రం ఒడ్డున నడుస్తారు. రోటర్‌డామ్‌లో క్రేన్లు చూస్తారు, ఎందుకంటే తన పెట్టె దించేటప్పుడు ఎత్తి పడేస్తున్నారా మెల్లగా పెడుతున్నారా అని నాన్నకు ఎప్పటినుంచో అనుమానం. హాలిఫాక్స్‌లో మంచు కనుక అక్కడ ఎక్కువ రోజులు ఉండాలంది మిడత. ఆయన ఒప్పుకోలేదు. "ఏ ఊరికైనా మూడు రోజులు చాలు. నాలుగో రోజు నుంచి చుట్టం బరువే," అన్నాడు. చివరికి హాలిఫాక్స్‌కు నాలుగు రోజులు ఖాయమైంది. అమ్మను ఎక్కడ ఎక్కించుకోవాలన్నది మాత్రం తేలలేదు. "నాకు ఆర్డర్లున్నాయి, మీరు వెళ్ళి రండి," అందామె.

ఆర్డర్లు నిజంగానే ఉన్నాయి. వారం తిరిగేసరికి పదకొండు గ్లోబులు తాళ్ళకు వేలాడి ఆరుతున్నాయి. అప్పుడు వచ్చింది ప్యాకింగ్ మేనేజరు గారి భార్య. వాళ్ళమ్మాయీ మిడత తరగతే. ఫ్యాక్టరీ నడిపే బడి కనుక మేనేజరు పిల్లలూ, కూలీల పిల్లలూ ఒకే గేటులోంచి వెళతారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి పైకి చూసింది.

"ఏంటిది, పుచ్చకాయల కొట్టా? మా అమ్మాయికీ ఇదేనా?"

"మీకు రంగులు మార్చి చేస్తానమ్మా."

"రంగులు కాదు. ఎందుకు వెళ్తున్నారో చెప్పాలందట కదా టీచరు. అది చెప్పు. మా అమ్మాయి ఎందుకు వెళ్తుంది?"

అట్టలమ్మ చేతులకంటిన జిగురు గీక్కుంటూ నిలబడింది. ఆవిడ వెళ్ళబోతూ, మెత్తగా అంది: "మీ ఆయన మావారి సెక్షన్‌లోనే కదా చేసేది? మనవాళ్ళు కదా అని నీ దగ్గరికొచ్చాను."

ఆ మాటలో తిట్టు లేదు, బెదిరింపు లేదు. అంత మెత్తగా అన్నందుకే అట్టలమ్మకు భర్త ఉద్యోగం గుర్తొచ్చింది. తీరా చూస్తే నోట్లోంచి మాట అప్పటికే జారిపోయింది.

"నాన్నగారి ఫ్యాక్టరీ పెట్టెలు ఏ ఏ ఊళ్ళు వెళతాయో ఆ ఊళ్ళన్నీ చూడ్డానికమ్మా. వాటి వెనకాలే పాప కూడా వెళుతుంది. ఓడలు పెడదాం, చిన్న చిన్న పెట్టెలు పెడదాం."

ఆవిడ మొహం విప్పారింది. "అదీ! బుర్ర అంటే నీదే."

అట్టలమ్మ తనకు తాను చాలా చెప్పుకుంది. ఆలోచన ఏమన్నా చెంబులో నీళ్ళా, ఒకరికి పోస్తే తరిగిపోవడానికి? తన పిల్లది నోటుబుక్కు, వాళ్ళది బల్లంత మోడలు. దేని దారి దానిది. అయినా ఆ మోడలును మాత్రం గది వెనక గుడ్డ కప్పి చేసింది. ఎప్పుడూ అక్షరాలు కత్తిరించి పెట్టే కూతురు దగ్గరికి వస్తే, "దీన్ని ముట్టుకోకు, తడి ఆరలేదు," అని పంపేసింది. నాలుగు రోజులు ఆ తడి ఆరలేదు.

ప్రాజెక్టుల ప్రదర్శన రోజున బడి హాల్లో బల్లలు వరసగా వేశారు. ముఖ్య అతిథి మేనేజరు గారే. అట్టలమ్మ కూడా వచ్చింది. మోడలు మోసుకొచ్చేటప్పుడు ఒక ఓడ తాడు ఊడిపోతే, బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అతికిస్తోంది.

మిడత నోటుబుక్కు గుండెలకు హత్తుకుని వస్తూ ఆ బల్ల దగ్గర ఆగిపోయింది. నీలం సముద్రం. దాని మీద అగ్గిపెట్టెలంత అట్టపెట్టెలు. మొంబాసా, రోటర్‌డామ్, వాల్పరైసో. పైన పెద్ద అక్షరాల్లో 'మా నాన్న పెట్టెలు వెళ్ళే ఊళ్ళు'. 'మ' కొమ్మును అలా పైకి తిప్పి వదిలేది ఈ ఊళ్ళో ఒక్కరే. మిడత కిందికి చూసింది. తల్లి తలెత్తలేదు.

టీచరు వరసగా చూసుకుంటూ వచ్చి మిడత నోటుబుక్కు తెరిచింది. రెండు పేజీలు తిప్పి మొహం చిట్లించింది. "ఇదేంటి? అదే కదా ఇది? అక్కడ చూసి రాశావా?"

"లేదు మేడమ్. ఇది నాదే."

"ఇద్దరికీ ఒకే ఆలోచన ఎలా వస్తుందమ్మా?"

మేనేజరు గారమ్మాయి తన బూట్లకేసి చూసుకుంటోంది. పాపం, ఆ పిల్లకు తెలిసింది అంతంతమాత్రమే. మేనేజరు అప్పటికే ఆ బల్ల దగ్గరికి వచ్చేశాడు. టీచరుకు జీతమిచ్చేదీ ఆ ఫ్యాక్టరీయే. ఆవిడ గొంతు తగ్గించి, అట్టలమ్మ వైపు వంగింది.

"మీ పిల్లే కదా. మీ కొట్లో మోడలు చూసి రాసి ఉంటుంది కదూ?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. మా పిల్లే ముందు, మేడమ్. అంతే. అట్టలమ్మ చేతిలో ఓడ ఉంది. ఎదురుగా మేనేజరు గారి బూట్లున్నాయి.

"చిన్నపిల్ల కదండీ," అంది. "చూసే ఉంటుంది."

మిడత ఏడవలేదు. నోటుబుక్కు లాక్కుని మొదటి పేజీ తిప్పి మేనేజరు ముందు పెట్టింది. "చూడండి సార్! ఈ స్టిక్కరు మీద తేదీ ఉంది. ఇది నేను ఐదో తరగతిలో ఉన్నప్పటిది. ఇది ఆరు. ఇది కూడా ఆరే. నేను ఎవరిదీ చూసి రాయలేదు."

మేనేజరు నోటుబుక్కు అందుకున్నాడు. తొందర లేకుండా ఒక్కో పేజీ తిప్పాడు. స్టిక్కరు అంచును గోటితో మెల్లగా లేపి చూశాడు. ఫ్యాక్టరీ సరుకు పేరుతో దొంగ సరుకు తయారవుతోందని పైనుంచి ఆయనకు రెండు నెలలుగా ఉత్తరాలు వస్తున్నాయి. ఆ సంగతి ఆ హాల్లో ఆయనకొక్కడికే తెలుసు.

"చాలా శ్రద్ధగా చేశావమ్మా," అన్నాడు. "ఇవన్నీ ఎవరిచ్చారు?"

"మా నాన్న," అంది మిడత గర్వంగా.

ఆయన నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు.

సోమవారం ఉదయం పని మొదలవగానే మిడత తండ్రిని ఆఫీసు గదికి పిలిచారు. మేనేజరు అరవలేదు. కూర్చోమన్నాడు కూడా. నువ్వు దొంగ సరుకు వాళ్ళకు అమ్మలేదని నాకు తెలుసు, కానీ స్టిక్కరు బయటికి పోయింది కదా అన్నాడు. పోలీసుల దాకా ఎందుకు, ఎదిగే పిల్ల ఉంది అన్నాడు. క్షమాపణ రాసిచ్చి బాయిలరు దగ్గర బొగ్గు పనికి వెళ్ళమన్నాడు. అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. తండ్రి కూడా చేతులెత్తి దణ్ణం పెట్టి వచ్చాడు.

సాయంత్రం ఆయన తెల్లకాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు. మొహం కడుక్కున్నా చెవుల వెనక నలుపు పోలేదు.

"నా రాత కోడి గీకినట్టుంటుంది. నువ్వు రాయవే, నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది," అన్నాడు కూతురితో.

మిడత పెన్ను తీసుకుంది. ఆయన చెప్పాడు, ఆమె రాసింది. 'నేను ముప్పై నాలుగు స్టిక్కర్లు...' దగ్గర ఆగింది.

"తీసుకెళ్ళాను అని రాయనా నాన్నా?"

"దొంగిలించాను అనే ఉండాలన్నారు."

"పారేసేవే కదా అవి!"

"ఉండాలన్నారు తల్లీ."

రాసింది. ఆయన కింద సంతకం పెట్టి, ఆరడానికి ఊదాడు. తర్వాత గోడకు ఆనుకుని, నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు అన్నాడు: "అయినా విచిత్రం చూడు. ఆ పిల్లకీ మన ఆలోచనే వచ్చింది. పెట్టెలు తెలిసిన ఇంట్లో పిల్లలందరికీ అలాగే అనిపిస్తుందేమో."

వంటగది గుమ్మంలో తల్లి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మిడత తలెత్తి ఆమెను చూసింది. చెబితే ఒక్క నిమిషం పని. కానీ ఈ రోజు నాన్నకు పోయినవి చాలు, అమ్మ కూడా పోవడం ఎందుకు అనిపించింది ఆ పిల్లకు. "అవునేమో నాన్నా," అంది.

ఆయన స్నానానికి వెళ్ళాక తల్లి మిడత దగ్గరికి వచ్చింది. "మీ నాన్న ఉద్యోగం కోసమే చేశానే. నీ మీద ఒట్టు," అంది. మిడత కాగితం నాలుగు మడతలు పెట్టి నాన్న చొక్కా జేబులో పెట్టింది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడడం మానేసింది. అడిగిన పని చేసేది, పెట్టింది తినేది. మాట మాత్రం లేదు. నోటుబుక్కు ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది. టీచరు మార్కుల పట్టీలో ఆమె పేరుకెదురుగా 'ప్రాజెక్టు ఇవ్వలేదు' అని రాసింది.

పందొమ్మిది రోజుల తర్వాత మేనేజరు గారి భార్య కొట్టు ముందు కారు దిగింది. డ్రైవరు మోడలును మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటి బహుమతి వచ్చిందట, ఇప్పుడు పెద్ద ప్రదర్శనకు పంపుతున్నారట. సముద్రం అంచుల్లో రంగు పెచ్చులుగా లేచింది.

"కొంచెం సరిచేసిపెట్టు. ఎల్లుండికి కావాలి."

"ఖాళీ లేదమ్మా," అంది అట్టలమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత బలం కావాల్సొచ్చిందో ఆమెకే తెలుసు.

"అలా అంటే ఎలా? మావారు మీవాడి మీద ఎంత దయ చూపించారు! వేరే ఎవరైనా అయితే ఉద్యోగం ఊడబీకేవాళ్ళు." ఆవిడకు కోపం కూడా రాలేదు. ఎల్లుండి డ్రైవరును పంపుతానని చెప్పి వెళ్ళిపోయింది.

అట్టలమ్మ నీలం రంగు కలిపింది. కుంచె ముంచి అంచు మీద పెట్టింది. రంగు ఒడ్డు దాటి ఊళ్ళ మీదికి పాకింది. తుడిచి మళ్ళీ వేసింది. మళ్ళీ పాకింది. మూడోసారి కుంచె పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బడి వదిలాక మిడత వచ్చింది. మోడలును చూసింది, తల్లిని చూసింది. సంచి కింద పెట్టి, పీట లాక్కుని ఎదురుగా కూర్చుని కుంచె తీసుకుంది.

"నీళ్ళు ఎక్కువ కలిపావు," అంది. పందొమ్మిది రోజుల్లో అదే మొదటి మాట. తల్లి ఆశగా తలెత్తింది.

"పక్కకి జరుగు. వెలుతురు రావట్లేదు."

తల్లి జరిగింది. మిడత పెచ్చు లేచిన ఒక్కో చోటా పల్చగా, ఎక్కడా అతుకు తెలియకుండా, రంగు వేసుకుంటూ పోయింది. అంత చక్కగా అట్టలమ్మ కూడా ఏనాడూ వెయ్యలేదు.