లాభం తర్వాత

రాజంపేటలో పెద్దసుబ్బయ్య శెనక్కాయల అంగట్లో మూటలు లెక్కపెడితే ‘ఒకటి’ అనరు. తొలి మూట ‘లాభం’, తర్వాత రెండు, మూడు. ఉన్నది ఒక్క మూటే అయితే మాత్రం ‘ఒకటే’ అని ఊరుకుంటారు. ఏడంటే ఏడుపు గుర్తొస్తుందని ‘ఆరున్నొకటి’ అంటారు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ చెవుల్లో మోగే లెక్క అది.

ఆరోజు ఆ అంగట్లోనే పెద్దసుబ్బయ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. రాజ్యలక్ష్మమ్మ కళ్ళజోడు గల్లాపెట్టె మీదే మరిచి, ఆయన్ని ఆటోలో నర్సింగ్‌హోముకు తెచ్చింది. ఈసీజీలో ఏమీ తేలలేదు. నర్సు కృపమణి వేలెడంత ప్లాస్టిక్ కార్డులో ఆయన నెత్తురు చుక్కలు వేసింది.

"దీంట్లో కంటికానని బంగారు నలుసులుంటాయమ్మా. గుండె దెబ్బతింటే ఒక సరుకు నెత్తుట్లోకి కారుతాది. కార్డు బాగుందని చెప్పే ఎర్రగీత ఒకటి ఎట్లయినా పడతాది. ఆ సరుకుంటే బంగారం ఇంకోచోట కూడా చేరి రెండో గీత పడతాది. ఒక్క గీతయితే భయం లేదు. రెండు పడితే కడప పెద్దాసుపత్రికి పోవాల్సిందే."

"బంగారం ఎర్రగుంటాదా? యాడ కొన్నారమ్మా?" అన్నాడు పెద్దసుబ్బయ్య, చెమటలు కారుతుండగానే.

ప్రాణం మీదికొచ్చినా బేరం మానడే ఈ మనిషి! రాజ్యలక్ష్మమ్మకు ఒళ్ళు మండింది. అయినా కొంగుతో ఆయన చెమట తుడిచింది.

పక్కగదిలో పురిటినొప్పుల మనిషి కేకలేస్తే కృపమణి అటు పరిగెత్తింది. పావుగంటయింది. జోడు లేని రాజ్యలక్ష్మమ్మకు కార్డంతా తెల్లగా అలికినట్టుంది.

"ఏమండీ, ఎన్ని గీతలుండాయి?"

ఆయన కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. గోడవైపు తిరిగాడు.

"లాభం" అన్నాడు.

"లాభమా? దేవునికి స్తోత్రం!" అంది పక్కగదిలోంచి కృపమణి. వచ్చి చూడనేలేదు.

రాజ్యలక్ష్మమ్మ పుస్తెలు కళ్ళకద్దుకుంది. అమ్మయ్య, ఒక్కటే! అంతలోనే పుస్తెలు వదిలేసింది. ఒక్క మూటే వస్తే ఈయన లాభం అనడే, ‘ఒకటే’ అంటాడే! వెనక రెండోది ఉంటేనే కదా లాభం అని ఎత్తుకునేది!

కార్డు లాక్కుని, వెలుతుర్లో ముక్కుకానించి చూసింది.

"రెండుండాయి! కృపమణమ్మా, రెండుండాయి!"

అరుపుకు నర్సింగ్‌హోమంతా ఉలిక్కిపడింది.

"రెండని చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"కడపకు పోతే కోస్తారేమోనే" అన్నాడు పెద్దసుబ్బయ్య. "నాకు శానా భయంగా ఉండాది."

ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. ఇప్పుడు ఏడిస్తే ఆయన మరీ బెదిరిపోతాడని మింగేసింది.

కడపకు పోయే జీపులో ఆయన తల ఆమె ఒడిలో ఉంది. ఆమె చెయ్యి ఆయన ఛాతీమీద. అది లేచినప్పుడల్లా పైకే లెక్కపెడుతోంది. లాభం, రెండు, మూడు... ఆరు.

ఛాతీ లేవలేదు.

"ఆరున్నొకటి" అందామె. "ఏమండీ, ఆరున్నొకటి!"

చేతికింద ఛాతీ మెల్లగా పొంగింది.

"ఎనిమిది" అన్నాడు పెద్దసుబ్బయ్య.