హిల్కె రాస్తున్న కవర్లు

హిల్కె తన చావు కబురు వెళ్లాల్సిన కవర్ల మీద తనే చిరునామాలు రాసుకుంటోంది. డాక్టరు ఇంకో నెల అన్నాడు. మనిషి పోగానే బూడిదరంగు అంచు కవర్లలో అందరికీ కార్డులు పంపడం డచ్ వాళ్ల ఆచారం. ఆమె భర్త రీండర్ట్‌కు రాయడం రాదు. సరుకు పడవలో పుట్టి, ఈ రేవులో వారం, ఆ రేవులో పది రోజులు బడికి వెళ్లిన మనిషికి అక్షరాలెక్కడ అంటుతాయి? ఆ గుట్టు తెలిసింది ఆమె ఒక్కదానికే. ఎక్కడ కాగితం చదవమన్నా, "కళ్లజోడు మర్చిపోయొచ్చాడండీ" అని నలభై ఏళ్లు అడ్డుపడింది.

ఒక్కో పేరు రాసి ఆమె ఊపిరి కోసం ఆగుతుంటే అతని ప్రాణం ఉసూరుమనేది. అందుకే పేకాటకని అబద్ధమాడి, లైబ్రరీలో పెద్దలకు చదువు నేర్పే క్లాసుకు వెళ్తున్నాడు. ఆమె ఉండగానే ఆ కలం తను అందుకోవాలి.

ఆ గురువారం మధ్యాహ్నం టీచరమ్మ యోసిన్ బోర్డు మీద డచ్‌లో 'వారెన్' అని రాసింది. పడవ మీద వెళ్లడం.

"చివర ఒక్క 'ద్' తగిలించండి. 'వారెన్ద్', అంటే పడవ మీద వెళ్తూ. పని ఇంకా సాగుతోందని. పలికితే 'త్' అని వినిపిస్తుంది, రాసేది మాత్రం 'ద్'."

"వినేదొకటీ రాసేదొకటీనా? మా పడవలోళ్లని ఏడిపించడానికే పెట్టుంటారు," అన్నాడు రీండర్ట్. క్లాసంతా నవ్వింది.

అతను రెండు వాక్యాలు రాశాడు. పడవ మీద వెళ్తూ తిన్నాం. పడవ మీద వెళ్తూ పిల్లల్ని పెంచాం. మూడోది హిల్కె గురించి. 'స్టెర్వెన్', చనిపోవడం, అని రాశాడు గానీ దాని చివర 'ద్' పెట్టి 'చనిపోతూ' అని చెయ్యడానికి చెయ్యి రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో కిటికీ పక్క మంచం మీద ఆమె రాస్తూనే ఉంది.

"మళ్లీ ఓడిపోయొచ్చావా? మొహం అలా ఉందేంటి?"

అతను కాగితం ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె చాలాసేపు చదివింది.

"నువ్వే రాశావా?"

"ఇంకెవరు రాస్తారు? ఇలా ఇవ్వు ఆ కలం."

ఆమెకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని కలం ఇచ్చింది. "ముందు మా అక్కది రాయి," అని ఒక్కో అక్షరం చెప్పింది. ఆ ఒక్క కవరుకూ పావుగంట పట్టింది. వరస వంకర పోయింది.

"ఇంకా ఎన్నున్నాయి?" అడిగింది హిల్కె. అతను మిగిలిన కవర్లు లెక్కపెట్టాడు.

"ముప్పై ఏడు. రోజుకు పది రాస్తే సోమవారానికల్లా అయిపో..." అంటూ నాలుక కరుచుకున్నాడు.

హిల్కె అతని మణికట్టు పట్టుకుంది.

"రోజుకు ఒక్కటే రాయి, రీండర్ట్. ఒక్కటే."