మెత్తని కడుపు

ఏడున్నరకి ఆమె చేతిలోంచి దుప్పటి కొస జారిపోయింది.

అవతలి కొస పట్టుకున్న వదినకి ముందు విసుగే వచ్చింది. గంటకి నూట ఇరవై దుప్పట్లు మడతపెట్టాలి. ఒకటి కింద పడితే మళ్ళీ ఉతుక్కి పోతుంది, లెక్కలోంచీ పోతుంది.

"ఏమే పిచ్చుకా, నిద్ర తీరలేదా ఇంకా?"

ఆడబిడ్డ బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి నిలబడింది. మొహం దుప్పటిలాగే తెల్లగా ఉంది.

"కడుపులో... కడుపులో చెయ్యి పెట్టి పేగులు పిండుతున్నట్టుంది వదినా."

అంటూనే వంగి నేలమీద వాంతి చేసుకుంది. ఆ తర్వాత గోడ పట్టుకుంటూ మరుగుదొడ్డికి పరుగెత్తింది. వచ్చాక నిలబడలేకపోయింది. ఉతికిన గుడ్డల తోపుడుబండి పక్కన కూలబడి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు ఇస్త్రీ రోలర్ల రొదలో కూడా నాలుగు బల్లల దూరం వినిపించింది.

అది హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే లాండ్రీ. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఒక షిఫ్టు. మడత బల్లల దగ్గర ఆడవాళ్ళు జంటలుగా పనిచేస్తారు. జంటలో ఒకరు మధ్యలో వెళ్ళిపోతే రెండో మనిషి కూడా ఇంటికి పోవాల్సిందే. ఇద్దరికీ సగం రోజు కూలి పోతుంది, ఆ వారం హాజరు బోనస్ మొత్తం పోతుంది. యాజమాన్యం తెలివి మెచ్చుకోవాలి. కాపలాకి మనిషిని పెట్టి జీతం దండగ చేసుకోకుండా, ఒకరికొకరిని కాపలా పెట్టారు. అక్కచెల్లెళ్ళయినా, వదినా ఆడబిడ్డలైనా, బల్ల దగ్గర నిలబడ్డాక ఒకరి జబ్బు ఇంకొకరికి జరిమానా.

షిఫ్టు మధ్యలో గేటు దాటాలంటే కాంపౌండరు చీటీ రాయాలి. కాంపౌండరు చెడ్డవాడేమీ కాదు. నెలకి పన్నెండు చీటీలు దాటితే అతన్ని పిలిచి సంజాయిషీ అడుగుతారు, అంతే. ఎప్పుడో ఎవరో డాక్టరు దగ్గర నాలుగేళ్ళు సూదులు మరగబెట్టి, ఒక ముక్క నేర్చుకున్నాడు: నిజమైన కడుపునొప్పి అయితే కడుపు చెక్కలా గట్టిపడుతుంది. నాలుగు వేళ్ళతో నొక్కుతాడు. గట్టిగా ఉంటే చీటీ. మెత్తగా ఉంటే పని. జ్వరానికి మాత్ర ఇచ్చి పంపేస్తాడు, తలనొప్పిని లెక్కలోకే తీసుకోడు.

ఆడవాళ్ళకీ ఆ ముక్క తెలుసు. బిడ్డకి ఒళ్ళు కాలుతోందని కబురొచ్చినా, బడిలోంచి రమ్మన్నా, అత్తగారు జారిపడినా, అందరికీ ఒకటే జబ్బు, కడుపునొప్పి. ఊపిరి బిగబట్టి కడుపు బిర్రుగా పెట్టడం కొత్తగా చేరినవాళ్ళకి మడత కంటే ముందు నేర్పేవారు. పోనుపోను కాంపౌండరుకి అనుమానమొచ్చి, ఊపిరి వదిలేదాకా వేళ్ళు తియ్యకుండా నొక్కి ఉంచడం మొదలుపెట్టాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా.

పిచ్చుకకి ఆ విద్య అబ్బలేదు. మనిషి పిడికెడు, అందుకే ఆ పేరు. చిన్నతనంలో కీళ్ళ జ్వరమొచ్చి గుండె కవాటం ఒకటి దెబ్బతింది. నలభై ఏళ్ళు వచ్చేసరికి నాడి గతి తప్పింది. నాలుగు అడుగులు వేసి, ఒకటి మరిచిపోయి, రెండు గబగబా వేసేది. పెద్దాసుపత్రివాళ్ళు రక్తం గడ్డకట్టకుండా ముందు ఒక నెలకి మాత్రలు ఇచ్చారు. నెలకోసారి రక్తం పరీక్ష చేయించుకుంటేనే మాత్రలు. పరీక్ష మంగళవారం పొద్దున మాత్రమే. మంగళవారం పొద్దున ఆమె బల్ల దగ్గర ఉండాలి.

మూడు నెలల కిందట ఒక మంగళవారం, వదిన పోరితే, కడుపు బిగబట్టడానికి ప్రయత్నించింది. కాంపౌండరు వేళ్ళు తగలగానే కితకితలు పుట్టి పకాలున నవ్వేసింది. షెడ్డంతా నవ్వింది, కాంపౌండరు తప్ప. రిజిస్టరులో ఆమె పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పడింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. పరీక్ష లేదు, మాత్రలూ లేవు. "బాగానే ఉన్నాగా వదినా" అనేది. బాగానే కనిపించేది కూడా.

ఎనిమిదింటికి కాంపౌండరు వచ్చాడు. తుడుచుకున్న చేతినే మళ్ళీ తుడుచుకుంటూ ఎర్ర గీత చూసి నిట్టూర్చాడు.

"నువ్వా తల్లీ? ఇవాళ నవ్వవు కదా?"

ఆమె నవ్వలేదు. అతను ఆమెని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి నొక్కాడు. నాభి దగ్గర, పక్కల, కింద. ఆమె తల అటూ ఇటూ కొట్టుకుంటోంది, అరుస్తోంది. కడుపు మాత్రం అప్పుడే కలిపిన పిండిలా మెత్తగా ఉంది. వేళ్ళు ఎంత లోపలికి పోవాలంటే అంత లోపలికి పోతున్నాయి.

"బిగబట్టవే" అని వదిన చెవిలో గొణిగింది. బిగబట్టబోయి మళ్ళీ వాంతి చేసుకుంది.

"నాన్నా పులి కథ తెలుసా మీకు?" అన్నాడు కాంపౌండరు. "అరుపులు చూస్తే కొండంత. కడుపు చూస్తే వెన్న. నాకెందుకు పాపం, నువ్వే చూడు. జంటవి నువ్వే కదా. చెయ్యి పెట్టి చెప్పు."

వదిన చెయ్యి పెట్టింది. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఆడబిడ్డ కడుపది. భర్త వదిలేసి పోయినప్పటి నుంచి తెచ్చిన కూలంతా తన చేతిలోనే పెట్టిన మనిషి కడుపు. నొక్కింది. ఆ నొక్కుతున్న క్షణంలో ఆమె మనసులో ఉన్నది ఆడబిడ్డ నొప్పి ఒక్కటే కాదు. అది బుధవారం. హాజరు బోనస్‌కి ఇంకా మూడు రోజులుంది. కిందటి వారం బోనస్ కూడా పోయింది.

"మెత్తగానే ఉందండీ" అంది.

అబద్ధం కాదు. నిజమే చెప్పింది. రిజిస్టరులో రాసుకున్నాడు: కడుపు మెత్తగా ఉంది, పనికి తగును. గ్యాస్ మాత్ర ఒకటి ఇచ్చి, వేడినీళ్ళు తాగమని వెళ్ళిపోయాడు.

మూడు గంటలు ఆమె తోపుడుబండి పక్కనే దొర్లింది. వదిన రెండు కొసలూ తనే పట్టుకుని, గడ్డం కింద నొక్కిపెట్టి మడతపెడుతూ జంట లెక్క నిలబెట్టింది. మధ్యలో వచ్చి నీళ్ళు తాగించింది, చెమట తుడిచింది, మళ్ళీ బల్ల దగ్గరికి పరుగెత్తింది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిందనే చెప్పాలి. కానీ నలిగినవాళ్ళందరూ చావరు.

పదకొండింటికి ఒక వింత జరిగింది. నొప్పి తగ్గింది.

పిచ్చుక మెల్లగా లేచి కూర్చుంది. "తేలిగ్గా ఉంది వదినా" అంది, తనకే నమ్మకం లేనట్టు. లేచి వచ్చి కొస పట్టుకుంది కూడా. కాంపౌండరు తలుపు దగ్గర నుంచే చూసి, "ఏం చెప్పాను? గ్యాస్" అన్నాడు. పక్క బల్ల వాళ్ళు హమ్మయ్య అన్నారు. వదిన కళ్ళు ఒత్తుకుని, "చంపేశావే నన్ను, ఎంత హడలగొట్టావు" అని ముద్దుగా తిట్టింది. ఇద్దరూ కలిసి మరో మూడొందల అరవై దుప్పట్లు మడతపెట్టారు. ఆ దుప్పట్లమీద ఎవరెవరు పడుకున్నారో.

షిఫ్టు గంట కొట్టాక ఆమె గేటు దాటి పది అడుగులు వేసి పడిపోయింది. అప్పటికి కడుపు ఉబ్బింది. గట్టిపడింది. కాంపౌండరుకి కావలసినంత గట్టిగా.

పెద్దాసుపత్రికి చేరేసరికి మూడున్నర. వదిన భర్త, అంటే పిచ్చుక అన్నగారు, పనిలోంచి అలాగే వచ్చేశాడు. వయసులో చిన్నదైన ఒక డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. చూసిన మరుక్షణం మొహం మారింది.

"గుండె జబ్బు ఉందా ఈమెకి? మాత్రలు వాడుతోందా?"

"మూడు నెలలుగా లేవండీ."

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున ఏడున్నరకి."

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసి, ఇంకేమీ అడగకుండా పరుగెత్తింది. నరంలోకి రంగుమందు ఎక్కించి తీసే స్కానింగు. డబ్బు కట్టే కిటికీలో మనిషి చెప్పింది పదకొండు రోజుల కూలి, వదిన చెవులకున్నవి తీసి అక్కడే పెట్టింది. స్కానింగు వచ్చేలోపే రక్తం పలచబడే మందు సీసా వేలాడదీశారు. బొమ్మ వచ్చాక డాక్టరమ్మ దాన్ని వెలుగుకి పెట్టి, ఒక తెల్లని కొమ్మ మధ్యలో టక్కున ఆగిపోయిన చోటు చూపించింది.

"గుండెలో రక్తం గడ్డకట్టింది. అందులో ఒక ముక్క ఊడి, పేగులకి రక్తం తీసుకెళ్ళే నాళంలో అడ్డం పడింది. పేగుకి రక్తం అందకపోతే అది గంటల్లో చచ్చిపోతుంది. కోసి గడ్డ తియ్యాలి, చచ్చిన భాగం తీసెయ్యాలి. ఎంత మిగిలితే అంత బతుకు. పొద్దున్నే ఎందుకు తీసుకురాలేదు?"

"కడుపు మెత్తగా ఉందని..." అంది వదిన. "మెత్తగా ఉంది కదా, ఏమీ లేదన్నారు."

డాక్టరమ్మ కోపంగా ఏదో అనబోయి ఆగింది. నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదే వదినకి ఎక్కువ తగిలింది.

"మనిషి నొప్పితో దొర్లుతోంది, కడుపు మాత్రం మెత్తగా ఉంది. ఈ జబ్బు మొదట్లో అలాగే ఉంటుందమ్మా. మా చదువులో ముందు పట్టుకోమని నేర్పేది దాన్నే."

"పదకొండింటికి తగ్గింది కదండీ. లేచి పని కూడా చేసింది."

"తగ్గింది జబ్బు కాదు. పేగు చస్తోంది. చచ్చినదానికి నొప్పి తెలియదు."

ఆపరేషన్ గదిలోంచి సర్జను గంటన్నరకే బయటికి వచ్చాడు. అంత తొందరగా వస్తే మంచిదనుకున్నాడు అన్నగారు. లేచి నమస్కారం కూడా పెట్టాడు. గడ్డ తీశామనీ, కానీ పేగంతా నల్లబడి పోయిందనీ, బతికున్నది జానెడు కూడా లేదనీ, దాంతో మనిషి నిలవదనీ, అందుకే మళ్ళీ కుట్టేశామనీ చెప్పాడు సర్జను. నొప్పి తెలియకుండా మందు ఇస్తామన్నాడు. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు.

మర్నాడు పొద్దున పిచ్చుకకి తెలివి వచ్చింది. నొప్పి లేదు. కడుపుకి అడ్డంగా పట్టీ చూసుకుని, "కోసేశారా? అయిపోయిందా?" అని బలహీనంగా నవ్వింది. "ఎన్నాళ్ళకి పనిలోకి వెళ్ళచ్చట వదినా?"

అన్నగారు మొహం తిప్పుకుని బయటికి పోయాడు. వదిన దుప్పటి అంచు సరిచేస్తూ ఉండిపోయింది.

తొమ్మిదింటికి లాండ్రీ సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో కాగితం, జేబులో సిరాపెట్టె. వరండాలో అన్నగారితో పది నిమిషాలు మాట్లాడి, ఇద్దరూ కలిసే లోపలికి వచ్చారు. అన్నగారు మంచం కోళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"ఆసుపత్రి ఖర్చు వాళ్ళే చూసుకుంటారటమ్మా. మీ వదిన పనికి కూడా ఢోకా లేదంటున్నారు. ఓ వేలిముద్ర వేసెయ్యి, చాలు."

"అయ్యో, దానికేం" అంది పిచ్చుక. ఎంత మంచివాళ్ళో అన్నట్టు సూపర్‌వైజరు వైపు చూసింది. చెయ్యి ఎత్తబోయింది. సూది గుచ్చిన చెయ్యి లేవక, రెండోది చాపింది. సూపర్‌వైజరు బొటనవేలు పట్టుకుని సిరాపెట్టె మూత తీశాడు.

"ఆగండి" అంది వదిన. "ఏం రాశారో దానికి చదివి వినిపించాలి కదా."

"మామూలేనమ్మా. ఆఫీసు కాగితం."

వదిన కాగితం అందుకుంది. ఏడో తరగతి చదువు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"నిన్న షిఫ్టు పూర్తయ్యేవరకు నేను ఆరోగ్యంగా ఉన్నాను. ఇంటికి వెళ్ళిన తర్వాత నాకు కడుపునొప్పి వచ్చింది..."

పిచ్చుక కనుబొమలు ముడిపడ్డాయి. "అదేంటి? తప్పు రాసినట్టున్నారు సార్. ఇంటికి నేను వెళ్ళలేదు."

"చిన్న విషయంలేమ్మా. నువ్వు కోలుకుని వచ్చాక సరిచేద్దాం."

వదినకి ఆ మాట దగ్గర ఏదో తెగిపోయింది. మంచం మీద కూర్చుని ఆడబిడ్డ బుగ్గమీద చెయ్యి వేసింది.

"నువ్వింక తిరిగి రావు. నీ పేగులు చచ్చిపోయాయి. ఇంకేమీ చెయ్యలేమన్నారు. ఇవాళో రేపో... ఎవరూ నీకు చెప్పడం లేదు. నేను చెబుతున్నాను."

"నీకేమన్నా పిచ్చా!" అని అన్నగారు కేకేశాడు, కేక మధ్యలోనే ఏడ్చేశాడు. పక్క మంచాల వాళ్ళు లేచి చూశారు. పిచ్చుక కప్పు వైపు చూసింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. సూపర్‌వైజరు ఆమె వేలు ఇంకా వదల్లేదు. ఆమే లాక్కుంది.

"నాకు నొప్పి ఎక్కడొచ్చింది వదినా?"

"బల్ల దగ్గర."

"ఎన్నింటికి?"

"ఏడున్నరకి."

"అలా రాయమను. అప్పుడు వేస్తాను."

సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు. "అలాగే తల్లీ. ఆఫీసుకి వెళ్ళి టైపు చేయించుకుని సాయంత్రం వస్తాను." సాయంత్రానికి ఏమవుతుందో అతనికి తెలుసు. డాక్టర్ని అడిగే వచ్చాడు.

వదిన కాగితం ఇవ్వలేదు. వెనక్కి తిప్పి మోకాలిమీద పెట్టుకుంది. అతని జేబులోంచే పెన్ను లాగింది. తేదీ వేసి, టైము వేసి, వంకర టింకర అక్షరాలతో రాయసాగింది. పిచ్చుక ఊపిరి కూడదీసుకుంటూ ఒక్కో మాట చెప్పింది. ఎనిమిదింటికి కాంపౌండరు వచ్చాడు. నొక్కాడు. చీటీ ఇవ్వలేదు.

"నువ్వు కూడా నొక్కావు కదా" అంది. గొంతులో కోపం లేదు. మెతకదనమూ లేదు. "అదీ రాయి."

పెన్ను ఆగింది. వదిన తలెత్తి ఆమెని చూడలేకపోయింది. కాసేపటికి రాసింది. నేనూ నొక్కాను, మెత్తగా ఉందని నేనే చెప్పాను.

"అది కంపెనీ కాగితం, ఇలా ఇవ్వు" అని సూపర్‌వైజరు చెయ్యి చాపాడు. "నీ పని సంగతి ఆలోచించుకున్నావా అసలు?"

"ఉండండి సార్" అంది వదిన, రాస్తూనే. "ఇంకా పదకొండింటి దాకా కూడా రాలేదు."