కాసులమ్మ పెట్టిన బొట్టు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరో గానీ కాసులమ్మ కడుపున మాత్రం పుట్టి ఉండరు. పుట్టి ఉంటే ముందు రచ్చే గెలిచి, ఇంటి సంగతి దేవుడికి వదిలేసేవాళ్ళు. ఆవిడ కూతురు నూకాలు చేసింది అదే. బెంగళూరులో ఒకసారి, ఢిల్లీలో ఒకసారి, డార్జిలింగ్ చలికి ముక్కు కారుతుండగా ఇంకోసారి, దేశంలో రాళ్ళెక్కే ఆడపిల్లలందరిలోకీ మొదటిదనిపించుకుని మెడలో బంగారు పతకం వేయించుకుంది. మూడుసార్లూ రైలు దిగి, రుషికొండ పక్కనున్న తమ జాలరిపేటకి వచ్చి తల్లి ముందు నిలబడింది. మూడుసార్లూ కాసులమ్మ ఆ పతకాన్ని చేప మొప్పలెత్తి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాటియి పూర్ణా మార్కెట్లో కూడా దొరుకుతాయి" అని పక్కన పడేసింది.

అసలు ఈ పిచ్చి పట్టించినవాడు సన్యాసిరాజు. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు, కూర్మన్నపాలెంలో కాపురం. వారమంతా క్రేన్ ఎక్కి దిగే మనిషి ఆదివారమైనా నేల మీద ఉండొచ్చు కదా, ఉండడు. తొంభై ఐదులో ఒక ఆదివారం నలుగురు కుర్రాళ్ళనీ ఒక పాత కొబ్బరిపీచు పరుపునీ వెంటేసుకుని రుషికొండ రాళ్ళ దగ్గర దిగాడు. అప్పటికి నూకాలుకి పదమూడేళ్ళు. రాళ్ళకి అంటుకున్న ఆలుచిప్పలు గీకుతోంది. ఆ నలుగురూ ఒక రాయి ఎక్కబోవడం, పరుపు మీద పడడం, మళ్ళీ ఎక్కబోవడం చూసీ చూసీ ఇక ఉండబట్టలేక అడిగింది.

"పైనేటుంది?"

"ఏటీ లేదు," అన్నాడు సన్యాసిరాజు.

"మరెందుకెక్కుతన్నారు?"

"ఎక్కడానికే."

నూకాలు బుట్ట కింద పెట్టి, లంగా ఎగదోపి, గబగబా ఆ రాయి ఎక్కేసింది. నిజంగానే పైన ఏమీ లేదు. కాస్త కాకిరెట్ట ఉంది. ఆ సంగతే కిందికి కేకేసి చెప్పింది. సన్యాసిరాజు తెరిచిన నోరు చాలాసేపు మూయలేదు.

దాన్ని బౌల్డరింగ్ అంటారని ఆయనే చెప్పాడు. తాడు ఉండదు, కింద పరుపే ఉంటుంది. పోటీలకి కట్టే చెక్కగోడ రెండు నిలువులు మించి ఎత్తుండదు. దాని మీద రంగురంగుల పట్లు బిగిస్తారు. ఎలా ఎక్కాలో ఎవరికి వారే కనిపెట్టుకోవాలి. పైనున్న ఆఖరి పట్టుని రెండు చేతులా పట్టుకుంటే అయినట్టు. తక్కువ ప్రయత్నాల్లో ఎక్కినవాళ్ళది గెలుపు. ఒకరెక్కేది ఇంకొకరు చూసి నేర్చుకోకుండా అందరినీ గుడారంలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే పిలుస్తారు. ఎక్కాల్సిన దారిని ప్రాబ్లం అంటారు.

"ప్రాబ్లాల కోసం ఢిల్లీ ఎల్లాలేటి?" అంది కాసులమ్మ. "మనింట్లో నేవా?"

పోనీ అంతటితో ఆగిందా? "తాడిసెట్టు ఎందుకెక్కినావురా అంటే దూడగడ్డి కోసమన్నాడంట. ఆడికి సెప్పుకోడానికి అబద్దమైనా ఉంది. నీకదీ నేదు," అంది. చేతులకి పూసుకునే తెల్లపొడిని గుమ్మం ముందు ముగ్గేసి పారేసి, ముగ్గు సరిగ్గా నిలవలేదని సన్యాసిరాజుని తిట్టింది. కాలివేళ్ళు ముడుచుకుపోయేంత బిగుతు బూట్లు చూసి, "కాలికి సరిపోయే సైజు కొనడం కూడా రాదా ఆ రాజుబాబుకి?" అంది. నూకాలు పైకి నవ్వేసేది. లోపల మాత్రం భగ్గుమనేది. ఈ చేతులకి దేశమంతా చప్పట్లు కొట్టింది. కన్నతల్లి నోటి నుంచి ఒక్కటంటే ఒక్క మంచి మాట రాలేదు. మూడు బంగారాలూ బియ్యం డబ్బాలో పడున్నాయి. ఆ ఒక్క మాట వస్తుందంటే మూడూ తీసికెళ్ళి సముద్రంలో విసిరేయడానికి సిద్ధంగా ఉండేది పిల్ల.

కాసులమ్మ లెక్క వేరు. ఆవిడ లోకంలో గౌరవించదగ్గది ఒక్కటే, మొగుడు పైడయ్య పడవ. ఏటా వేసవిలో చేపల వేటకి పెట్టే బందు తీరాక పడవని మొదటిసారి నీళ్ళలోకి దించే పొద్దున, ఆవిడ దాని ముక్కుకి మూడు వేళ్ళతో మూడు పసుపు చారలు దిద్ది, నడుమ కుంకుమ బొట్టు పెడుతుంది. ఉత్తి నీళ్ళతో కలిపితే మొదటి కెరటానికే పోతుందని పసుపులో ఆముదం పోసి కలుపుతుంది. ఆ తర్వాత ఎంతటి మొనగాడైనా పడవని పక్కనుంచి ఎక్కాల్సిందే గానీ బొట్టు మీద కాలు పెట్టకూడదు. చిన్నప్పుడు నూకాలు ఒకసారి పెట్టింది. వీపు మీద పడ్డ దెబ్బ మోత పేటంతా వినిపించింది. ఆనక ఆ చెక్కని తాకి కళ్ళకద్దుకోమని చెవి మెలేసి మరీ అద్దించింది తల్లి.

ఇలా ఉండగా రెండువేల మూడులో జాతీయ పోటీలు విశాఖకే వచ్చాయి. రుషికొండ ఇసుకలోనే చెక్కగోడ లేపారు. సన్యాసిరాజు పేటకొచ్చి, తడిసిన వలల మధ్య నిలబడి బతిమాలాడు.

"ఒక్కసారొచ్చి చూడు కాసులమ్మా. నీ మొగుడికి పడవెలాగో నీ కూతురికి ఆ గోడ అలాగ."

"సేపలు కుళ్ళిపోతాయి బాబూ," అంది కాసులమ్మ. కానీ గోడంటే పడవ అన్న మాట మాత్రం చెవిలో పడింది. పడితే ఏం జరుగుతుందో పాపం సన్యాసిరాజుకేం తెలుసు.

ఫైనల్ రోజు ఆరుగురు ఆడపిల్లలు గుడారంలో కూర్చున్నారు. నూకాలు ఆఖర్న ఎక్కాలి. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు, వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదు. బయటి నుంచి చప్పట్లు వినబడాల్సిన చోట "అయ్యో" అని వినబడుతోంది. మళ్ళీ "అయ్యో". బెంగళూరు పిల్ల వెళ్ళినప్పుడైతే అయ్యో పెద్దగానే వినబడింది. ఆ పిల్ల కిందటేడు నూకాలు వెనకే రెండో స్థానంలో ఆగిన గట్టి పిల్ల. దానికే ఇలా అయితే ఎంత దరిద్రపు ప్రాబ్లం పెట్టారో అనుకుంటూ నూకాలు బూట్లు బిగించుకుంది.

పేరు పిలిచారు. బయటికొచ్చి గోడ వైపు తిరిగింది. మోకాలెత్తున, కుడికాలు ఆనించాల్సిన పెద్ద ఎర్ర పట్టు మీద మూడు పసుపు చారలున్నాయి, నడుమ కుంకుమ ఉంది.

అమ్మ వచ్చింది! నూకాలు గుండె గంతేసింది. ఆ మూడు వేళ్ళ చారలు ఎవరివో ఆమెకి వేరే చెప్పాలా? జనంలో ఎక్కడుందో కనబడలేదు గానీ వచ్చింది. గోడకి బొట్టు కూడా పెట్టింది. మరుక్షణం చూస్తే చారలు చెదిరిపోయి, వాటి మీద బూటు గుర్తులున్నాయి. ఒళ్ళు మండిపోయింది. బయటూరివాళ్ళకి ఏం తెలుస్తుంది, తొక్కేశారు. నూకాలు వంగి, పట్టుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. ఎక్కకముందే చెయ్యి పెట్టిందని జడ్జి ఒక ప్రయత్నం రాసేసుకున్నాడు. దండానికీ ఖరీదు కట్టే ఆట మరి.

ఆ ఎర్ర పట్టు లేకుండా ఎక్కడమంటే ఒంటి బరువంతా చేతుల మీదే. మొదటిసారి రెండో పట్టు దాకా వెళ్ళి జారి పరుపు మీద పడింది. ఊపిరి తీసుకుని మళ్ళీ లేచింది. ఈసారి కాళ్ళు రెండూ గాల్లో వేలాడుతుండగా ఒంటిచేత్తో ఒళ్ళంతా పైకి లాగి, రెండో చెయ్యి విసిరి, ఆఖరి పట్టు అందుకుంది. రెండు చేతులూ ఆనాయి. ఎనిమిదేళ్ళ ఆటలో అంత బాగా ఎప్పుడూ ఎక్కలేదని ఆమెకే తెలిసింది.

చప్పట్లకంటే ముందే ఒక గొంతు లేచింది.

"ఓలమ్మో! కాలెట్టనేదు సూసినారా! బొట్టు మీద కాలెట్టనేదు! నా కూతురు!"

నూకాలు పై నుంచే చూసింది. తలమీద చేపల గంపతో కాసులమ్మ, ముందు వరసలో, ముఖమంతా నవ్వుతో. పట్టు వదిలి కిందికి దూకిన నూకాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అడ్డూ ఆపూ లేకుండా ఏడ్చింది. బంగారం కోసం కాదు, ఆ "నా కూతురు" కోసం.

కాసులమ్మ అక్కడితో ఊరుకుంటే కథ ఇక్కడితో సుఖాంతం. కానీ పొగడ్త అలవాటు లేని నోరు ఒకసారి తెరుచుకుంటే మూతపడుతుందా?

"మిగతా గుంటలందరూ తొక్కినారు, జర్రున జారినారు," అని చుట్టూ ఉన్నవాళ్ళకి చేతులు తిప్పుతూ చెప్పసాగింది. "జారరేటి? అమ్మోరి బొట్టది. నాను ఆముదమేసి మరీ కలిపినాను."

సన్యాసిరాజు తల పట్టుకున్నాడు. "కాసులమ్మా, నీకు దండం పెడతాను, నోరు మూయ్," అన్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. జడ్జికి తెలుగు రాదు గానీ, పక్కనున్న కుర్రాడు మహా శ్రద్ధగా మాట మాటా హిందీలోకి మార్చి చెప్పేశాడు. బెంగళూరు పిల్ల తన బూటు అడుగున వేలు రాసి చూసుకుంది. పసుపు, జిడ్డు. ఇంకేం, గొడవ మొదలైంది.

ఒకరెక్కాక ఇంకొకరు వచ్చేలోపు పట్లన్నీ బ్రష్షుతో తుడవాలి కదా, ఇదెందుకు తుడవలేదని జడ్జి నిలదీశాడు. తుడిచే కుర్రాళ్ళంతా మన ఊరివాళ్ళే. "బొట్టు ఎలా సెరుపుతాం సార్? మా అమ్మ సంపేత్తాది," అన్నారు. పెద్దమనుషులు తర్జనభర్జన పడి తీర్పు చెప్పారు. పట్టు శుభ్రం చేయాలి, ఆరుగురూ మళ్ళీ ఎక్కాలి. తీర్పయితే చెప్పారు గానీ, చెరపడానికి ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. చివరికి కాసులమ్మే గంప దింపింది.

"నానెట్టింది నానే తీత్తాను. లెగండి." పట్టు ముందు నిలబడి అమ్మవారికి దండం పెట్టింది. "అమ్మా నూకాలమ్మా, ఈల్లు ఎర్రోళ్ళు. నువ్వేటీ అనుకోకు తల్లీ." అని కొంగుతో రుద్ది రుద్ది తుడిచింది.

ఆడపిల్లలు మళ్ళీ గుడారంలోకి వెళ్ళారు. ఈసారి బెంగళూరు పిల్ల వెళ్ళగానే చప్పట్లు మోగాయి. వెళ్ళిన వెంటనే మోగాయంటే మొదటి ప్రయత్నంలోనే ఎక్కేసిందన్నమాట. నూకాలూ మొదటి ప్రయత్నంలోనే ఎక్కాలి. సమానమైతే ముందు రౌండులో పైనున్న నూకాలుదే గెలుపు, లేకపోతే బంగారం పోయినట్టే. చేతులు అప్పటికే లాగేస్తున్నాయి. ఫర్వాలేదు, పట్టు శుభ్రంగా ఉంది, కాలు ఆనిస్తే సగం బరువు దిగిపోతుంది, కళ్ళు మూసుకుని ఎక్కేయొచ్చు.

గోడ దగ్గరికెళ్ళింది. ఎర్రపట్టు మీద ఆముదం లేదు, కుంకుమ లేదు. లేత పసుపు మరక మాత్రం పోలేదు. ముందు వరసలో తల్లి ఇంకా ఎవరికో చెబుతూనే ఉంది. "సూడండి, మా గుంట కాలెట్టదు."

నూకాలు మొదటి రెండు పట్లూ అందుకుంది. కుడికాలు దానంతటదే లేచి ఎర్రపట్టు దాకా వెళ్ళింది. తొక్కితే నాలుగో బంగారం. తొక్కితే ఆ మాట అబద్ధమైపోతుంది. బతుకులో మొట్టమొదటిసారి తల్లి పదిమందిలో తన గురించి చెప్పుకున్న మాట, ఆ నోట వచ్చి గంటైనా కాలేదు, తన కాలితోనే తన్నేయాలా? కాలు వెనక్కి లాక్కుంది. ఒట్టి చేతులతో ఒళ్ళు పైకి విసిరింది. ఆఖరి పట్టుకి వేలి కొసలు తగిలాయి, నిలవలేదు.

పరుపు మీద వెల్లకిలా పడింది. బంగారం బెంగళూరుకి వెళ్ళిపోయింది.

కాసులమ్మ జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటుకుని పరుగెత్తుకొచ్చింది. "సెరిపేసినాను కదే! అమ్మోరికి సెప్పుకుని మరీ సెరిపేసినాను! ఇంకా తొక్కడానికేటే నీకు రోగం?"

నూకాలుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి కానిచ్చేసింది. "అందరి ముందూ సెప్పినావు కదే, తొక్కదని," అంది ఎక్కిళ్ళ మధ్య.

కాసులమ్మ కూతురి జుట్టులో ఇసుక దులిపింది. చాలాసేపు దులిపింది, ఇసుక అయిపోయాక కూడా.

మర్నాడు పొద్దున్నే నూకాలు ఐసు డబ్బా మోసుకుంటూ చేపలు అమ్మే చోటికి వెళ్ళి, వెనకాలే ఆగిపోయింది. కాసులమ్మ చీర మీద వెండి పతకం వేలాడేసుకుని కూర్చుంది. ఎదురుగా బేరానికొచ్చిన పంతులమ్మ సత్యశ్రీగారు చేపలని వదిలేసి ఆ పతకం వైపే చూస్తోంది.

"రెండోదంటే ఏటనుకుంటన్నారు?" అంటోంది కాసులమ్మ. "మొదటిదే ఇత్తామన్నారు. అమ్మోరి బొట్టు తొక్కితే ఇత్తారంట. తొక్కుతాదేటి నా కూతురు? ఒద్దనేసినాది."

సత్యశ్రీగారు పతకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూసింది. "బాగుంది కాసులమ్మా. ఇలాంటివి పూర్ణా మార్కెట్లో చూశాను."

కాసులమ్మ లాగేసుకుని కొంగుతో తుడుచుకుంది. "ఎల్లండి, ఎల్లి తెచ్చి సూపించండి. అంతవరకూ మీకు సేప నేదు," అంది.