కుళాయి లేని బీరు పెట్టె

నేను ఒక డీప్ ఫ్రీజర్‌ను. మూత పైకి తెరుచుకునే పొడవాటి తెల్లని పెట్టెను. రేకు గోడల లోపల రాగి గొట్టాలు చుట్టి, లోపలికి వచ్చినదాన్నల్లా గడ్డకట్టించడమే నా ధర్మమని కర్మాగారంలో నిర్ణయించారు. మొదట ఒక ఐస్‌క్రీం దుకాణంలో ఉన్నాను. తరువాత ఆరేళ్లు చేపల దుకాణంలో గడిపాను. కుళ్లడాన్ని మనుషులు ఆపలేరని, వాయిదా మాత్రమే వేయగలరని, ఆ వాయిదాకే తాజాదనమని పేరు పెట్టుకుంటారని అక్కడ తెలుసుకున్నాను.

చేపల దుకాణం మూతపడ్డాక, సికింద్రాబాదులో ఫ్రిజ్‌లు బాగుచేసే జంగయ్య నన్ను తన షెడ్డుకు తెచ్చాడు. అతని భార్య బాలామణి మూడు రోజులు సోడాపొడితో, నిమ్మచెక్కలతో నన్ను తోమింది. పక్క వీధిలో ఉండే విఠల్‌రావు నన్ను చూడగానే ముచ్చటపడ్డాడు.

“బారుల కుళాయి తిప్పితే బీరు వస్తది గదా జంగయ్యా, మా ఇంట్ల గూడ గట్లనే రావాలె. దోస్తులు నోరు తెరవాలె.”

జంగయ్య బాలామణి వైపు చూశాడు. పద్నాలుగు నెలల క్రితం అతడు బాలామణి తల మీద చేయి పెట్టి, ఇక తాగనని ఒట్టు వేశాడు. అటువంటి ఒట్టు తప్పితే ఏ తల మీద వేశారో ఆ తలకే కీడని వాళ్ల నమ్మకం. దాని నిజానిజాలు నేను చెప్పలేను. నాకు తల లేదు. ఆ ఒట్టు వేసిన నాటి నుంచి అతడు దాన్ని నిండు బిందెలా మోస్తున్నాడని మాత్రం చెప్పగలను.

“ఊర్ల గిన్ని ఏసీలు చెడిపోతుంటే నీకు గీ పనే దొరికిందా?” అంది బాలామణి.

“నేను పట్టేది పానా. గ్లాసు కాదు.”

“ఆ చెయ్యి గీ చెయ్యి వేరేనా?”

అయినా పని మొదలైంది. కుళాయి కోసం విఠల్‌రావు నా ముందు గోడ మీద పెన్సిలుతో గుండ్రంగా గీసి, ఇక్కడే బెజ్జం పెట్టమన్నాడు. జంగయ్య ఒప్పుకోలేదు. బాలామణి చేత ముగ్గుపిండి తడిపించి నా ఒంటికి పూయించి కరెంటు ఇచ్చాడు. లోపలి వేడిని బయటికి పంపే గొట్టాలున్న చోట పిండి ముందుగా ఆరి, తెల్లని చారలుగా తేలింది. ఒక చార సరిగ్గా ఆ పెన్సిలు గీత మధ్యలో నుంచి పోతోంది. అక్కడ బెజ్జం పెడితే నాకు ప్రాణమైన, చల్లబరిచే గ్యాసంతా ఒక్క క్షణంలో పోయేది. విఠల్‌రావు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. జంగయ్య నా ఒంటికీ మూతకూ మధ్య టేకు చట్రం బిగించి, కుళాయిని ఆ చెక్కకు అమర్చాడు. బీరు గడ్డకట్టకుండా నా చలిని తగ్గించే మీట కూడా పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం విఠల్‌రావు ఇంటి వరండాలో నా లోపల బీరు పీపా, బీరును కుళాయికి నెట్టే గ్యాసు సిలిండరు పెట్టారు. సాయంత్రానికి అంతా సిద్ధంగా ఉండాలని చెప్పి విఠల్‌రావు బజారుకు వెళ్లాడు. జంగయ్య కుళాయి తిప్పాడు. గ్లాసు నిండా నురగే వచ్చింది. గ్యాసు తగ్గించాలి, పైపు పొడవు పెంచాలి. నురగ కంటికి కనిపిస్తుంది కానీ, బీరులో గ్యాసు ఎంత మిగిలిందో నాలుకే చెప్పాలి.

అతడు గ్లాసు ఎత్తాడు. నురగ మణికట్టు మీదుగా జారింది. గ్లాసు పెదవులకు జానెడు దూరంలో ఆగింది. 

సామాను అందించడానికి వెంట వచ్చిన బాలామణి గ్లాసు లాక్కుంది.

“ఒట్టు పెట్టింది నువ్వు. నేను పెట్టలె.”

ఒక గుక్క మింగి ముఖం చిట్లించింది. “చేదుగున్నది. ఇన్నేండ్లు గిందుకేనా?”

అతడు తల వంచుకున్నాడు. “నాలిక మీద గుచ్చుతున్నదా, లేదా? అది చెప్పు.”

“గుచ్చుతలేదు.”

పైపు మార్చాడు. రెండో గ్లాసు, మూడోది, నాలుగోది. ప్రతిసారీ ఆమె బుద్ధిగా రుచి చూసి, సాక్షి చెప్పినట్టు చెప్పింది. అయిదో గ్లాసుకు నా చట్రానికి చెంప ఆనించి కూర్చుంది. చెక్క వెచ్చబడింది. అతని చేతిలోని పానాను చూసి నవ్వింది. ఎందుకో ఆమెకే తెలియదు. పన్నెండేళ్ల కాపురంలో తాగిన మనిషి పక్కన తాగకుండా నిలబడటం జంగయ్యకు అదే మొదటిసారి.

“సరిగనే ఉన్నది. ఇగ చాలు,” అన్నాడు.

“యాడ సరిగున్నది? ఇంకొకటి పొయ్యి. ఈసారి కచ్చితంగ చెప్త.”

ఆమె గ్లాసు చాపి పట్టుకుంది. ఒట్టు ఎక్కడా తప్పలేదు. అయినా అతని ముఖం తప్పు చేసినవాడి ముఖంలా ఉంది. గ్యాసు కట్టేశాడు. పానా తీసుకుని, తాను బిగించిన కుళాయిని తానే ఊడదీసి సంచిలో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం విఠల్‌రావు మిత్రులు సీసాలే తాగారు. మరో మెకానిక్‌ను తెస్తానని ఆయన ఇప్పటికీ అంటుంటాడు. చట్రంలోని రంధ్రానికి గుడ్డ కుక్కి, నాలో సీసాలు పెట్టుకుంటున్నాడు. అందరి దృష్టిలో నేను సగంలో ఆగిపోయిన పనిని.

నేను మాత్రం ఆ ఇద్దరూ గేటు దాటిన క్షణాన్నే తలుచుకుంటాను. అతడు ఆమె రెక్క పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆమె అడుగు తడబడి ఆగింది.

“కుళాయి ఎందుకు తీసినవ్? నేను మంచిగ చెప్పలేదా?”

“మంచిగనే చెప్పినవ్,” అన్నాడు జంగయ్య. “ఇన్నేండ్లు నేనే ఇనలె.”