ఉన్ని సంతలో రెక్కల పురుగు

ఓస్లా మావట్ ఉన్ని సంతకి బయల్దేరిన రోజు పొద్దున ఆమె మొగుడు గిబ్బీ ఫ్రీజర్ మూత ఎత్తి, లోపలికి తొంగిచూసి, దాని ముందు మోకరిల్లినంత పని చేశాడు. ఏప్రిల్ నుంచి అందులో చేపకి చోటు లేదు. అడుగున ఉన్ని, నడిమిన ఉన్ని, పైన ఉన్ని. షెట్లాండ్ దీవుల్లో పుట్టి, పడవ మీద పెరిగి, పట్టిన చేపని పట్టిన రోజే తినెయ్యాల్సిన గతి తనకొక్కడికే పట్టిందని వేసవంతా వాపోయాడు. ఆఖరి సంచీ కూడా బయటికొచ్చేసిందిప్పుడు.

సంగతేమిటంటే, ఏప్రిల్లో ఒకనాడు ఓస్లా పెట్టె తెరిచేసరికి వాళ్ళమ్మ అల్లిన శాలువలో కొత్త కంతలు కనబడ్డాయి. ఆ దీవుల శాలువలు ఉంగరంలోంచి దూర్చి అవతలికి లాగెయ్యగలిగినంత పల్చన. అందులో కంతలన్నీ కావాలని అల్లినవే, లెక్కకి ఒకటి ఎక్కువుండదు, ఒకటి తక్కువుండదు. అలాంటిది అరచేతి మేర ఎవరూ అల్లని కంతలు. పెట్టె మూలల్లో బియ్యపు గింజల్లాంటి పురుగులు. ఉన్ని తినే చిమ్మట పట్టింది, ఆ పురుగులకే రేపు రెక్కలొచ్చి ఇంకో పెట్టె మీదికి ఎగురుతాయి.

మన ఊళ్ళలో ఇంటికి దొంగ వస్తే నలుగురికీ చెప్పుకుంటాం. అక్కడ ఇంట్లో చిమ్మట పడితే మొగుడికి కూడా చెవిలోనే చెబుతారు. హామర్‌విక్‌లో బతుకంతా ఉన్నే. గాలి ఎలాంటిదంటే, అక్కడి గొర్రెలు ఒంటికే కాక నీడకి కూడా ఉన్ని పెంచుకుంటాయని గిబ్బీ ప్రమాణం చేసి చెబుతాడు. వాళ్ళ తాతల కాలంలో ఒక పాదిరిగారి ప్యాంటుకి చిమ్మట పట్టిందట. ఆయన ప్రసంగం మొదలుపెట్టినప్పుడు చీలమండల దాకా ఉన్న ప్యాంటు, ముగించేసరికి మోకాళ్ళ పైకి వచ్చిందట. అయినా ఆయన ప్రసంగం కుదించలేదట. నిజమో కాదో గాని, ఆ కుటుంబాన్ని మూడు తరాల పాటు ఎవరూ టీకి పిలవలేదన్నది మాత్రం ఊరంతా నమ్ముతుంది.

అందుకని ఓస్లా నోరు కుట్టేసుకుంది. శాలువల్ని, స్వెట్టర్లని, దారపు ఉండల్ని చలికి పురుగు చస్తుందని దఫాలు దఫాలుగా ఫ్రీజర్లో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. బీరువాలు కడిగింది. మంగళవారం సాయంత్రాలు హాల్లో ఆడవాళ్ళంతా కూర్చుని అల్లుకుంటారు. అక్కడికి పోవడం మానేసింది. తన చేతిసంచీలోంచి ఒక్క పురుగు పాకి పక్కావిడ ఒళ్ళోకి పోయినా ఇంక ఆ ఊళ్ళో తలెత్తుకోలేదు కదా. మొదట తన మోకాలు నొప్పంది, తరవాత జలుబంది, సాకులు అయిపోయాక గిబ్బీ మోకాలు నొప్పంది.

గిబ్బీ అక్క రాబీనా ఇదంతా వేరేగా అర్థం చేసుకుంది. ఆర్నెల్ల కిందట ఓస్లా అల్లిన స్వెట్టరుకి ఒక చెయ్యి పొడుగొచ్చిందని తను నలుగురిలో అన్నందుకు మరదలికి కోపమొచ్చిందనుకుంది. సంతకి పోతుంటే కారులో దారంతా అదే దెప్పింది. మంగళవారాలు ఈ మధ్య ఎవరూ సరిగ్గా రావడం లేదని, అందరికీ టీవీ ఎక్కువైపోయిందని, రోషాలు కూడా ఎక్కువైపోయాయని అంది. ఓస్లా సంచీని కాళ్ళ మధ్య ఇరికించుకుని, జిప్పు పడిందో లేదో చేత్తో తడిమి చూసుకుంటూ కూర్చుంది. నెలన్నరై ఇంట్లో ఒక్క చిమ్మట కనబడలేదు. పోయినట్టే. పోయినట్టేనని తనకి తను చెప్పుకుంది. సంతకి రాకుండా ఉండడం మాత్రం ఆమె వల్ల కాలేదు. ఏడాదికొక్కసారి, అక్టోబరులో వచ్చే సంత. పైగా చిమ్మట తినేసిన గిబ్బీ స్వెట్టరు మోచేతికి సరిపడే గోధుమరంగు ఉన్ని కావాలి. రంగు వేసినది కాదు, గొర్రె పుట్టినప్పటి నుంచీ ఉన్న రంగు.

హాల్లో బల్లలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచారు. బయట చినుకులు, లోపల దీపాలు, ఆవిరి, తడిసిన గొర్రె వాసన. అందరూ తాము అల్లుకున్న స్వెట్టర్లే తొడుక్కొచ్చారు. చెమటలు కారుతున్నా ఒక్కరూ విప్పరు. అక్కడ మనిషిని మొహం చూసి పలకరించరు, ముందు ఛాతీ మీది అల్లిక చూసి, అది ఎవరిదో పోల్చుకుని, తరవాత తలెత్తి బాగున్నావా అంటారు. ఓస్లాకి లోపలికి అడుగుపెట్టగానే ఆకలైన వాడికి వంటిల్లు కనబడినట్టయింది. కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగింది. తరవాత ఒక వేలు ఆన్చింది. తరవాత మొత్తం చెయ్యి. బూడిదరంగు ఉండనొకదాన్ని మెడకి రాసుకుని చూసింది, గుచ్చుకోలేదు, కొనేసింది. నీలందాన్ని కిటికీ దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో చూసింది, దీపం కింద చూసిన నీలం కాదది, తిరిగి పెట్టేసింది. గంట గడిచేసరికి సంచీ ఉబ్బింది, మనసు తేలికపడింది.

గోధుమరంగు ఉన్ని చిట్టచివరి బల్ల మీద దొరికింది. ఆ బల్ల నెరిస్‌ది. వేల్స్ నుంచి వచ్చిన పిల్ల, హామర్‌విక్ కోడలై ఏడాదిన్నర. పది గొర్రెలున్నాయి, ఇదే మొదటి సంత. బల్ల మీద ఒక పక్క దారపు ఉండలు, ఒక పక్క గొర్రె ఒంటి మీంచి తీసినదాన్ని తీసినట్టే చుట్టి పెట్టిన పచ్చి ఉన్ని కట్టలు. పొద్దుట్నుంచి జనం ఆగి చూసి, వేల్స్ పిల్లకి మన గొర్రెల సంగతేం తెలుసన్నట్టు పెదవి విరిచి పోతున్నారు. ఓస్లా సంచీని ఆ కట్టల మీద ఆన్చి, గిబ్బీ స్వెట్టరుని బయటికి తీసి, రంగు కలుస్తుందో లేదోనని పక్కన పెట్టింది. కలిసింది. ఒకే గొర్రె రెండు పక్కల్లా కలిసింది.

అప్పుడే ఆమె సంచీకి జానెడు దూరంలోంచి ఒక పురుగు రెక్కలు కొట్టుకుంటూ లేచింది.

ఓస్లా చెయ్యి సంచీ జిప్పు మీదికి పోయింది. పక్క బల్లావిడ చూసింది. ఆ పక్కావిడ చూసింది. కేకేసిన వాళ్ళెవరూ లేరు. కేకెయ్యాల్సిన పని లేకుండా, చిమ్మట అన్న మాట గుసగుసగా హాలు ఈ చివర నుంచి ఆ చివరకి పాకిపోయింది. వినబడినంత మేరా చేతులు ఉన్ని మీదికి దుప్పట్లు లాగేశాయి. ఒకావిడ తన శాలువ మీద తనే బోర్లా పడుకుంది. పడవ నడిపే లౌరీ, సంత పనులు చూసేవాడు, నల్ల ప్లాస్టిక్ సంచుల చుట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే హన్సీనా పిన్ని వచ్చింది.

హన్సీనా పిన్ని ఓస్లా తల్లికి చెల్లెలి వరస. ఎనభై దాటాయి. అల్లిక పోటీలకి తీర్పరి. హాలు అవతలి గోడ దగ్గర నిలబడి ఇవతలి గోడ దగ్గరున్న స్వెట్టర్లో జారిన కుట్టుని పట్టేస్తుందని పేరు. ఆవిడ ఓస్లా వంకైనా చూడలేదు. నెరిస్ బల్లని, పచ్చి ఉన్ని కట్టల్ని చూసింది. దిక్కుమాలిన పాకల్లోంచి ఉన్ని తెచ్చి బల్లల మీద పోస్తే ఇంతేనంది. ఈ బల్లంతా సంచుల్లో కట్టి, కట్టలు బయట పెరట్లో పారెయ్యమంది. పెరట్లో వాన. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. మా పాకలో అలాంటివేం లేవండీ అని చెప్పింది, ఎవరూ వినిపించుకోలేదు. లౌరీ ఒక సంచీ నోరు తెరిచి పట్టుకున్నాడు.

ఓస్లా మాత్రం తల ఎత్తి పురుగునే చూస్తోంది. అది బల్ల వదిలేసి, జనం నెత్తుల మీదుగా పైకి పోయి, దీపం చుట్టూ తిరుగుతోంది. తిరిగి గాజుకి కొట్టుకుంటోంది, మళ్ళీ తిరుగుతోంది.

తనది కాదు. ఆ ముక్క అర్థమయ్యేసరికి సంచీ మీంచి చెయ్యి తీసింది. తనదీ కాదు, ఈ పిల్లదీ కాదు. ఇప్పుడు నోరు మూసుకుని పక్కకి తప్పుకుంటే ఏ గొడవా లేదు, ఏప్రిల్ సంగతి ఏప్రిల్లోనే ఉండిపోతుంది. నోరు తెరిస్తే ఎలా తెలుసంటారు. ఒకసారి లౌరీ చేతిలో సంచీ వంక చూసింది. అందులోకి మొదటి కట్ట పోయింది. ఇంక ఆ పిల్ల దగ్గర ఈ దీవిలో ఎవరూ బొంత దారమైనా కొనరు.

“ఆగండి పిన్నీ,” అంది ఓస్లా. “అది చిమ్మట కాదు.”

హన్సీనా పిన్ని మెల్లగా ఇటు తిరిగింది. “కాదని నీకెవరు చెప్పారు?”

“చిమ్మట దీపం మొహం చూడదు. వెలుతురు పడితే పరిగెత్తుకెళ్ళి మడతల్లో దూరుతుంది. సైజు కూడా దీంట్లో సగం ఉండదు. ఇది బయట గడ్డిలో ఉండే దీపపు పురుగు. వానకి లోపలికొచ్చి ఆ కట్ట మీద కూర్చుని ఉంటుంది.”

“నాకు పాఠం చెప్పకు. నీకెలా తెలుసూ అంటున్నాను.”

ఓస్లా చేతిలో ఇంకా గిబ్బీ స్వెట్టరు ఉంది. మోచేతి దగ్గర కంత అందరికీ కనబడుతూనే ఉంది.

“మా ఇంట్లో పడ్డాయి కాబట్టి,” అంది. “ఏప్రిల్లో. అమ్మ శాలువ తినేశాయి. వేసవంతా టార్చి పట్టుకుని వాటి వెనకే తిరిగాను.”

దగ్గరున్న వాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు. రాబీనా మాత్రం వెనకున్న వాళ్ళని మోచేతులతో తోసుకుంటూ ముందుకొచ్చింది. వచ్చి మరదలి ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఓసి నీ దుంప తెగ. అందుకా మంగళవారాలు ఎగ్గొట్టింది? నేనేమో చెయ్యి పొడుగన్నందుకు అలిగావనుకుంటున్నా.”

“చెయ్యి పొడుగే వదినా. అది నిజమే.”

“నిజమేలే. కాని చెప్పి చావొచ్చుగా. ఈ చిమ్మటల భయానికే నేనూ మేడ మీది గదికి తాళం వేసి, ఎవరొచ్చినా ఆ మెట్లెక్కనివ్వకుండా కాపలా కాస్తున్నా జూన్ నుంచి.”

ఆ మాటకి ఓస్లాకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఈలోగా శాలువ మీద బోర్లా పడుకున్నావిడ తలెత్తి, మా ఇంట్లో తివాచీ కింద, అంది. మరొకావిడ తను ఫ్రీజరు చాలక రొట్టెల పొయ్యిలో పెట్టానని, మొగుడి ఉన్ని డ్రాయర్లు వేగి కరకరలాడాయని, ఆయన ఇప్పటికీ కుర్చీలో సరిగ్గా కూర్చోలేడని చెప్పింది. లౌరీ సంచీ నోరు వదిలేసి, తన పడవలో చేపల మంచు కింద భార్య పెళ్ళిశాలువ ఉందని, పట్టిన చేపలకన్నా దానికే సముద్రం ఎక్కువ తెలుసని ఒప్పుకున్నాడు. ఒకరిది విని ఒకరు తమది బయటపెట్టారు. చివరికి ఎవరి ఇంట్లో చిమ్మటలు పెద్దవన్న దాని మీద వాదన పడింది. తమ చిమ్మటలకి ముందు కుచ్చులు తినాలో అంచులు తినాలో కూడా తెలుసని ఒకామె గొప్పలు పోయింది. మంగళవారాలు హాలు ఎందుకు బోసిపోయిందో అప్పుడర్థమైంది అందరికీ. ఎవరికి వారే పక్కవాళ్ళని కాపాడడానికి ఇంట్లో కూర్చున్నారు.

లౌరీ కుర్చీ ఎక్కి, దీపపు పురుగుని టోపీలో పట్టి, తలుపు దగ్గర వదిలేశాడు. సంచీలో వేసిన కట్టని తీసి, నెరిస్ బల్ల మీద పెట్టి, అది తనే కొనుక్కుంటానన్నాడు. అల్లడం రాదుగా అని ఎవరో అంటే, రాకపోతే దిండులో కూరుకుంటానన్నాడు. ఆ తరవాత ఆ బల్ల దగ్గర నిలబడడానికి చోటు లేకపోయింది. నెరిస్ గోధుమరంగు ఉండల్ని ఊరికే ఇవ్వబోతే ఓస్లా కసిరింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ ఇంకో ఉండని సంచీలో పడేస్తే మాత్రం చూడనట్టు ఊరుకుంది.

మధ్యాహ్నం ఓస్లా పక్క గదిలో, ఎండబెట్టిన వేటమాంసపు సూపు గిన్నె ముందు కూర్చుంది. రెండో గిన్నె తెచ్చుకునేసరికి ఎదురు కుర్చీలో హన్సీనా పిన్ని ఉంది. ఇందాకటి గోలలో తన ఇంటి సంగతి చెప్పనిది ఆవిడొక్కతే. వాన గురించి కాసేపు మాట్లాడింది. సూపులో ఉప్పెక్కువైందంది. తరవాత చెంచా కింద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“ఆ టార్చి ఇంకా ఉందా నీ దగ్గర?”

ఓస్లా ఆవిడ మొహంలోకి చూసింది. హాలు ఈ చివర నుంచి ఆ చివరి కుట్టుని పట్టే కళ్ళు బల్ల మీద దేనికోసమో వెతుకుతున్నాయి.

“ఉంది పిన్నీ. ఎన్నాళ్ళ నుంచి?”

“పోయినేడాది నుంచి. అమ్మమ్మ అల్లిన శాలువలు, నాకు బహుమతులొచ్చినవి, అన్నీ ఒక పెట్టెలోనే ఉన్నాయి. తెరిచి చూడడానికి ధైర్యం చాల్లేదు.” చెంచాని గిన్నె పక్కకి సర్దింది. “రేపు సాయంత్రం వస్తావా? వెనక తలుపు తీసి ఉంచుతాను.”

“వస్తాను. ముందు తలుపు నుంచే వస్తాను పిన్నీ. వదినని కూడా తీసుకొస్తాను. పెట్టె పెద్దదైతే మన ఇద్దరి వల్ల కాదు.”

హన్సీనా పిన్ని ఆలోచించింది. సూపు మీద ఊదుకుంది, ఒక చెంచా తాగింది, మరొకటి తాగింది.

“సరే,” అంది. “అయితే ముగ్గురికీ రొట్టెలు చేసి ఉంచుతాను.”